చర్మానికీ మట్టికీ చేటు చేయని ఎలక్ట్రోడు: ఆన్‌లైన్ థెరపీ పరికరం ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం, విశాఖపట్నం

ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ తీసుకునేవారు ఊపిరి నెమ్మదించే అభ్యాసం చేస్తున్నప్పుడు, వారి శ్వాసనూ గుండె లయనూ అవతలి వైపు ఉన్న సైకాలజిస్టు చూడగలిగేలా ఒక చిన్న పరికరం తయారు చేయాలన్నది మా ప్రాజెక్టు. వీడియో కాల్‌లో మనిషి భుజాల పైభాగం మాత్రమే కనిపిస్తుంది. పొట్ట కదులుతోందా, ఛాతీ ఒక్కటే ఎగసిపడుతోందా అన్నది తెలియదు. ఫోన్‌లో అయితే అదీ ఉండదు. పెద్దవారు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. ఆ సంఖ్యను 6 దగ్గరికి తెచ్చి, ఒక్కో శ్వాసకు 10 సెకన్లు పట్టేలా సాధన చేయిస్తే, ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం పెరగడమూ వదిలినప్పుడు తగ్గడమూ స్పష్టంగా కనబడతాయి. ఆందోళనతో బాధపడేవారికి నేర్పే బయోఫీడ్‌బ్యాక్ (తన ఒంటి కొలతలను చూస్తూ వాటిని మార్చుకోవడం నేర్చుకునే) పద్ధతుల్లో ఒకటి ఈ లయ మీదే ఆధారపడి ఉంది.

కొలిచే విద్య పాతదే. మా దృష్టి అంతా ఆ కొలత కోసం ఒంటికి ఏమి తగిలిస్తున్నామన్న దాని మీద ఉంది. మాతో పనిచేస్తున్న సైకాలజిస్టు మేడమ్ మొదటి సమావేశంలోనే విషయం తేల్చి చెప్పారు: "దురద పుట్టిందంటే రెండో వారం సెషన్‌కే రారు సార్. అసలే మనసు బాగాలేక వచ్చిన మనిషికి మనం ఇంకో బాధ అంటగట్టకూడదు." ఆసుపత్రిలో అయితే నర్సు చూసి తీసేస్తుంది. ఇక్కడ మనిషి తన గదిలో ఒంటరిగా, తన చేతులతో తానే తగిలించుకోవాలి, తానే తీసుకోవాలి, తీసినదాన్ని తన ఇంటి చెత్తబుట్టలోనే వేయాలి. కాబట్టి చర్మం మీద ఏమవుతుంది, చెత్తబుట్టలో పడ్డాక ఏమవుతుంది అన్న రెండు ప్రశ్నలనూ ప్రతి పదార్థానికీ కలిపి వేసుకోవాలని నిర్ణయించాం. అన్నిటికంటే ముందు పరికరంలోని భాగాలన్నిటినీ మూడు రకాలుగా విడదీశాం: తడి చర్మానికి నేరుగా తగిలేవి, బట్ట మీద ఉండేవి, ఒంటికి అసలు తగలనివి. మొదటి రకం ఎంత తక్కువైతే అంత మంచిది. ఛాతీ మీద ఎలక్ట్రోడులు (గుండె విద్యుత్ సంకేతాన్ని చర్మం మీద నుంచి అందుకునే బిళ్ళలు) పెట్టమంటే కెమెరా ముందు కూర్చున్నవారికి, ముఖ్యంగా స్త్రీలకు, ఇబ్బంది అవుతుందని వాటిని రెండు ముంజేతుల మీదికి మార్చాం. అక్కడ సంకేతం ఛాతీ దగ్గర కంటే బలహీనంగా ఉంటుంది గానీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ వచ్చే ప్రధాన శిఖరాన్ని గుర్తించడానికి సరిపోతుంది. మాకు కావలసింది ఒక శిఖరానికీ తరవాతి శిఖరానికీ మధ్య ఉన్న కాలమే గనుక, ఇంకా వివరమైన ఇ.సి.జి. అవసరం లేదు.

జూన్ మూడో వారం: దుకాణంలో దొరికే ఎలక్ట్రోడును విప్పి చూడడం

మెడికల్ షాపులో దొరికే వాడి పారేసే ఎలక్ట్రోడులను బ్లేడుతో పొరలు పొరలుగా విడదీశాం. పైన పాలిథిలిన్ ఫోము, దాని కింద యాక్రిలేట్ జిగురు, మధ్యలో ఉప్పు కలిపిన జెల్, దాని వెనుక వెండి–సిల్వర్ క్లోరైడ్ పూత, పైకి తేలిన లోహపు టిచ్ బటన్. కొలత దృష్టితో చూస్తే ఈ అమరికకు వంక పెట్టలేము. వెండి–సిల్వర్ క్లోరైడ్ జంట చర్మం దగ్గర నిలకడైన వోల్టేజీని ఇస్తుంది. అందుకే ప్రపంచమంతటా దానినే వాడుతున్నారు. ఇబ్బంది మిగతా పొరలతోనే. యాక్రిలేట్ జిగుర్లలో మిగిలిపోయే చిన్న అణువులు కొందరికి స్పర్శ అలర్జీ తెస్తాయి. ఒంటికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సర్లు వాడినవారిలో ఐసోబోర్నిల్ యాక్రిలేట్ వల్ల చర్మం ఎర్రబడి పొక్కిన కేసులు 2017 నుంచి వైద్య పత్రికల్లో వచ్చాయి. 2020లో అమెరికా స్పర్శచర్మ వ్యాధుల సంఘం ఆ పదార్థాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. ఇలాంటి అలర్జీ ఒకసారి ఏర్పడితే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. వారానికి ఒక సెషన్ సాయం కోసం వచ్చిన మనిషికి అటువంటిది అంటగట్టే హక్కు మనకు లేదు.

నికెల్ కూడా చాలామందికి స్పర్శ అలర్జీ తెచ్చే లోహమే కాబట్టి టిచ్ బటన్లకు నికెల్ పరీక్ష చేశాం. డైమిథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణమూ కొద్దిగా అమ్మోనియా వేసిన దూది పుల్లతో లోహాన్ని అర నిమిషం రుద్దితే, నికెల్ విడుదలవుతున్నచోట దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. సంచుల మీద కుట్టే మామూలు టిచ్ బటన్లలో కొన్ని దూది కొసను ముదురు గులాబీ చేశాయి. ఐరోపా నియమం ప్రకారం చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువు నుంచి చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ నికెల్ విడుదల కాకూడదు. దూది పరీక్ష ఆ సంఖ్యను కొలవలేదు, అనుమానించదగినదాన్ని మాత్రమే పట్టిస్తుంది. మనకు అంతవరకే చాలు: దూది రంగు మారితే ఆ లోహం మన పరికరంలో చేరదు. ఇంకొక అడుగు ముందుకు వేసి, చర్మానికి గానీ తడి జెల్‌కు గానీ ఏ లోహమూ తగలకూడదని నియమం పెట్టుకున్నాం.

జూలై: తపసి జిగురు

జెల్ కోసం మొదట జెలటిన్–గ్లిజరిన్ మిశ్రమాన్ని పరిశీలించాం. ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో ఉన్న యోహానెస్ కెప్లర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో జెలటిన్, గ్లిజరిన్, చక్కెరలు, సిట్రిక్ యాసిడ్‌తో సాగే గుణం ఉండి, పూర్తిగా కుళ్ళిపోయే పదార్థాన్ని తయారుచేసి చూపించారు. పదార్థంగా అది చాలా మంచిది. అయితే జెలటిన్ జంతువుల ఎముకల నుంచీ తోలు నుంచీ వస్తుంది. మన దగ్గర శాకాహార నియమం పాటించేవారు ఎందరో ఉన్నారు. కొందరికి ఫలానా జంతువు నుంచి వచ్చినది ఒంటికి తగలడమే అంగీకారం కాదు. ఆ విషయం చెప్పకుండా చేతికి అంటిస్తే నమ్మకద్రోహం. థెరపీలో నమ్మకం పోతే పరికరం ఎంత బాగా కొలిచినా ప్రయోజనం లేదు. రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్ మన తీరంలో ముడిసరుకు దొరికే పదార్థమే అయినా, దానికీ ఇదే ప్రశ్న వస్తుంది. పైగా రొయ్యలు పడనివారు దాని పేరు చూసే భయపడతారు.

అప్పుడు తపసి జిగురు మీదికి దృష్టి మళ్ళింది. తపసి చెట్టు మన తూర్పు కనుమల అడవుల్లో రాళ్ళ మధ్య పెరిగే చెట్టు. దాని బెరడు నుంచి కారి గడ్డకట్టే జిగురును గిరిజనులు సేకరిస్తారు, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ విశాఖ కేంద్రంగా దాన్ని కొంటుంది. ఈ జిగురు వైద్యానికి కొత్తేమీ కాదు. పేగు శస్త్రచికిత్స తర్వాత పొట్ట మీద సంచీ తగిలించుకునేవారి చర్మాన్ని కాపాడే రింగులలో గ్లిజరిన్‌తో కలిపి దీనిని దశాబ్దాల పాటు వాడారు. కట్టుడు పళ్ళను నిలిపే పొడులలోనూ, కొన్ని రకాల ఎలక్ట్రోడుల అంటుపొరలలోనూ వాడారు. ఆహారంలో ఇది 416 సంఖ్య గల సంకలనం. ఇది నీటిలో పూర్తిగా కరగదు. నీటిని పీల్చుకుని తన పరిమాణానికి ఎన్నో రెట్లు ఉబ్బి, చర్మానికి అంటుకునే మెత్తని ముద్దలా నిలుస్తుంది. ఎలక్ట్రోడు జెల్ చేయవలసిన పని సరిగ్గా అదే.

చెట్టు నుంచి వచ్చింది కాబట్టి మంచిదని వదిలేయడానికి వీల్లేదు. తపసి చెట్టుకు గొడ్డలితో లోతైన గాట్లు పెట్టి జిగురు పిండిన రోజుల్లో చెట్లు చచ్చిపోయి అడవులే పలచబడ్డాయి. పైపైన చిన్న గాటు పెట్టి, చెట్టుకు విశ్రాంతినిచ్చే పద్ధతిని తర్వాతి కాలంలో సేకరించేవారికి నేర్పించారు. మేము ఏ ప్రాంతం నుంచి, ఏ పద్ధతిలో తీసిన జిగురో చెప్పగలిగేవారి దగ్గరే కొనాలని నిర్ణయించాం. మనుషుల విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఈ జిగురు పొడిని పీల్చడం వల్ల అలర్జీ, ఆస్తమా వచ్చిన సంఘటనలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. అందువల్ల గడ్డలను దంచి జల్లెడ పట్టే పనిని మూతి మాస్కుతో, మూత పెట్టిన డబ్బాలోనే చేస్తున్నాం. వాడేవారికి పొడి రూపంలో ఏదీ చేరదు.

పొడిలో గ్లిజరిన్, కొద్దిగా ఉప్పు, కొన్ని చుక్కల నీరు కలిపి, పిసికి, అప్పడంలా పలచగా ఒత్తి, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద బిళ్ళలుగా కోసి ఆరబెడుతున్నాం. ఆరిన బిళ్ళ లేత గోధుమరంగులో, అక్కడక్కడ బెరడు నలుసులతో, వంచితే వంగేలా ఉంటుంది. దాని మీద నాలుగు చుక్కల మంచినీళ్ళు వేస్తే అర నిమిషానికి పైతలం పాలిపోయి, అంచులు పైకి లేచి, క్రమంగా మొత్తం ఉబ్బి మెరుస్తుంది. దగ్గరికి తెచ్చుకుంటే సన్నగా వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసనకు కారణం జిగురు అణువులకు అంటుకుని ఉన్న అసిటైల్ సమూహాలు. తేమ తగిలిన కొద్దీ వాటి నుంచి కొంత అసిటిక్ యాసిడ్ విడిపోతుంది. చర్మం పైపొర కూడా స్వభావరీత్యా కొద్దిగా ఆమ్లమే కాబట్టి మా చేతుల మీద ఇంతవరకు మంట కనిపించలేదు. అయితే "మా చేతుల మీద" అన్నది ఏ నిరూపణా కాదన్న విషయాన్ని ఇక్కడే రాసి పెడుతున్నాను. అసలు పరీక్షల సంగతి కింద వస్తుంది.

ఆరిన బిళ్ళను పంపించి, వాడేముందు నీరు చేర్చమనడానికి బలమైన కారణం ఉంది. తడి జెల్‌ను సీసాలో నిలవ చేయాలంటే బూజు పట్టకుండా నిలవ రసాయనం కలపాలి. ఆ పని కోసం విరివిగా వాడే మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే పదార్థమే 2013లో ఆ ఏటి అలర్జీ కారకమని అదే సంఘం చేత పేరు పెట్టించుకుంది. నీరు లేనిచోట బూజు పెరగదు, కాబట్టి ఆరిన బిళ్ళకు ఆ రసాయనాల అవసరమే రాదు.

జూలై చివర: సముద్రపు గాలి, రాగి మీద పచ్చదనం

వానాకాలంలో ఈ ఊరి గాలే సగం నీరు. బల్ల మీద పళ్ళెంలో పరిచిన బిళ్ళలు ఒక రాత్రికే మెత్తబడి ఒకదానికొకటి అంటుకున్నాయి. గ్లిజరిన్ గాలిలోని తేమను లాగుతుంది. దాన్ని తగ్గిస్తే బిళ్ళ పెళుసై విరుగుతుంది. రెండిటికీ మధ్య సరిపోయే పాలు కోసం వరుసగా మిశ్రమాలు మార్చి చూసి, గ్లిజరిన్ తగ్గించి, బిళ్ళను పలచని నేత గుడ్డ మీద ఒత్తడం మేలని తేల్చాం. గుడ్డ పోగులు పట్టి ఉంచుతాయి కాబట్టి పెళుసుదనం ఇబ్బంది పెట్టదు. బిళ్ళల మధ్య బటర్ పేపర్ వేసి, బిగుతైన మూత ఉన్న గాజు సీసాలో, తేమ పీల్చే సిలికా పొట్లంతో కలిపి పెడుతున్నాం. నీలంగా ఉండే సిలికా గుళికలను మాత్రం దగ్గరికి రానివ్వలేదు. ఆ నీలం కోబాల్ట్ క్లోరైడ్‌ది, అది క్యాన్సర్ కారక పదార్థాల వర్గంలో ఉంది. తెల్ల గుళికలు రంగు మారి హెచ్చరించవు గానీ వాటిని బాణలిలో వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఖాళీ అయిన సీసాను తిరిగి పంపితే కొత్త బిళ్ళలు నింపి ఇవ్వాలన్నది ఆలోచన.

విడిపోయే అసిటిక్ యాసిడ్ చర్మం కంటే ముందు లోహం మీద ప్రభావం చూపింది. తడి బిళ్ళ వెనుక రాగి రేకు ముక్క పెట్టి వారం రోజులు వదిలితే రేకు అంచు పచ్చబడింది. అలా కరిగిన రాగి జెల్‌లోకీ, అక్కడి నుంచి చర్మం మీదికీ చేరుతుంది. లోహం తడికి తగలకూడదన్న మా నియమానికి ఇది మరో కారణం. దాని బదులు బొగ్గు జాతి పదార్థం వాడాలి. గ్రాఫైటు పొడిని, స్పిరిటులో కరిగించిన లక్కలో కలిపి సిరాగా చేసి, నేత గుడ్డ మీద రాసి ఆరబెట్టాం. స్పిరిటు ఆవిరయ్యాక లక్క గట్టిపడి గ్రాఫైటు రేణువులను ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. లక్క ఆమ్లంలో కరగదు, క్షారంలో కరుగుతుంది. తపసి జిగురు ఆమ్ల స్వభావానికి ఇది చక్కగా సరిపడింది. వాహకత ఇంకా పెరగాలంటే సన్నని కార్బన్ బ్లాక్ (మసి లాంటి బొగ్గు పొడి) కలపవచ్చు. అయితే కార్బన్ బ్లాక్ ధూళిని క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ "కారకం కావచ్చు" అన్న 2బి వర్గంలో చేర్చింది. లక్కలో బంధించాక వాడేవారికి ప్రమాదం లేకపోయినా, కలిపేవాళ్ళం పీలుస్తాం కదా. గ్రాఫైటుతోనే పని జరుగుతున్నప్పుడు దాని జోలికి పోనక్కరలేదని పక్కన పెట్టాం.

ఇప్పుడు ఎలక్ట్రోడు రూపం ఇది: ఒక వైపు తపసి జిగురు పొర, దాని వెనుక గ్రాఫైటు పూసిన గుడ్డ, ఆ గుడ్డకే నాలుగైదు సెంటీమీటర్ల పొడవున తోక. పరికరం నుంచి వచ్చే క్లిప్పు ఆ తోక చివరను, చొక్కా చేతి మీద, పొడిగా ఉన్నచోట పట్టుకుంటుంది. సెషన్ అయ్యాక క్లిప్పు తీసి, బిళ్ళను ఒలిచి, చేతిని నీళ్ళతో కడుక్కుంటే చాలు. పారేసేది నూలు, చెట్టు జిగురు, గ్లిజరిన్, చిటికెడు ఉప్పు, గ్రాఫైటు, లక్క మాత్రమే. విడదీయవలసిన లోహం గానీ ప్లాస్టిక్ గానీ అందులో లేదు.

ఆగస్టు: విద్యుత్తు పరిమితి, వదులుకున్న ఒక సెన్సరు

చర్మానికి హాని లేకపోవడం అంటే పదార్థం ఒక్కటే కాదు, దాని గుండా ఎంత కరెంటు పోగలదన్నది కూడా. వైద్య విద్యుత్ పరికరాల ప్రమాణం ఐఇసి 60601-1 ప్రకారం ఇలాంటి పరికరంలో శరీరం గుండా పోయే డి.సి. (ఒకే దిశలో పారే) కరెంటు మామూలు స్థితిలో 10 మైక్రోఆంపియర్లు, ఒక లోపం ఏర్పడిన స్థితిలో 50 మైక్రోఆంపియర్లు దాటకూడదు. మా సరఫరా వోల్టేజీ గరిష్ఠంగా 3 వోల్టులు అనుకున్నా, ప్రతి తీగలో 330 కిలోఓమ్ల రెసిస్టరు పెడితే చిప్ పూర్తిగా చెడిపోయి బ్యాటరీ వోల్టేజీ మొత్తం నేరుగా తీగలోకి వచ్చినా కరెంటు 9 మైక్రోఆంపియర్ల దగ్గరే ఆగుతుంది. లోపం వచ్చినా మామూలు పరిమితిలోనే ఉండాలన్నది మేము పెట్టుకున్న లెక్క. ఇంత పెద్ద రెసిస్టరు వల్ల కొంత నాయిస్ చేరుతుంది గానీ, ముంజేతి దగ్గర వచ్చే శిఖరం ముందు అది లెక్కలోకి రాదు. ఛార్జింగ్ తీగ తగిలించి ఉండగా పరికరం పనిచేయకుండా సర్క్యూట్‌లోనే కట్టడి చేశాం. గోడ ప్లగ్గుకూ మనిషి చేతికీ మధ్య ఎప్పుడూ దారి ఉండకూడదు.

వేళ్ళ మీద చెమట వల్ల మారే వాహకతను కొలిచే సెన్సరు మొదటి నమూనా చిత్రంలో ఉండేది. దాన్ని తీసేశాం. ఆ కొలతకు నిలకడైన చిన్న డి.సి. వోల్టేజీ, సాధారణంగా 0.5 వోల్టులు, ఇస్తారు. గ్రాఫైటు ఎలక్ట్రోడు అలాంటి చోట ధ్రువీకరణ చెంది, అంటే దాని ఉపరితలం దగ్గర విద్యుదావేశం పేరుకుపోయి, మనిషిలో మార్పు లేకపోయినా అంకె జారిపోతుంది. గుండె సంకేతంలో అటువంటి నెమ్మది జారుడును వడగట్టేయవచ్చు, ఇక్కడ ఆ నెమ్మది మార్పే మనకు కావలసిన సమాచారం. వెండి వాడితే సమస్య తీరుతుంది గానీ, వాడి పారేసే వస్తువులో వెండి పెట్టడం మాకు ఇష్టం లేదు. నీటిలో చేరిన వెండి అయాన్లు జలచరాలకు విషం. మేడమ్ వేరే వైపు నుంచి అదే మాట అన్నారు: ప్రతి చిన్న ఉలికిపాటుకూ పైకి లేచే గీతను ఎదురుగా చూస్తే ఆందోళన ఉన్నవారి ఆందోళన ఇంకా పెరుగుతుందట. శ్వాసగీత అలా కాదు, దాన్ని మనిషి తన ఇష్టంతో మార్చగలడు.

సెప్టెంబరు: శ్వాస బెల్టు

శ్వాసను కొలవడానికి చర్మాన్ని తాకనక్కరలేదు. బనియన్ మీద కట్టుకునే బెల్టులో ఇనామిల్ పూసిన రాగి తీగను అలలుగా కుట్టి ఒక చుట్టు తిప్పితే, ఛాతీ విప్పారినప్పుడు ఆ చుట్టు లోపలి వైశాల్యం మారి తీగ ఇండక్టెన్సు (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) మారుతుంది. ఆ తీగకు ఒక కెపాసిటరు జోడించి డోలక వలయం (ఒక లయలో విద్యుత్ తరంగాలు పుట్టించే సర్క్యూట్) చేస్తే, ఊపిరితో పాటు దాని పౌనఃపున్యం కొద్దికొద్దిగా పెరిగి తగ్గుతుంది. మైక్రోకంట్రోలరు దాన్ని లెక్కపెడితే చాలు. నిద్ర పరీక్షలు చేసే లాబొరేటరీల్లో ఎంతో కాలంగా నమ్మకంగా వాడుతున్న పద్ధతి ఇది. సాగే కార్బన్ రబ్బరు తాడు వాడితే సర్క్యూట్ ఇంకా సులువయ్యేది, అయితే రబ్బరు సాగి సాగి అంకెలు మారిపోతాయి, చివరికి అది దేనికీ పనికిరాని చెత్త అవుతుంది. రాగి తీగ మోటారు వైండింగ్ షాపులో దొరుకుతుంది. బెల్టు చిరిగిపోయినా తీగను లాగి మళ్ళీ కుట్టవచ్చు, కాకపోతే పాత సామాన్ల వాళ్ళు తూకానికి కొంటారు.

బెల్టు సాగాలి. మామూలు ఎలాస్టిక్‌లో రబ్బరు ఉంటుంది. సహజ రబ్బరులోని ప్రోటీన్లు, రబ్బరు గట్టిపడడానికి కలిపే థయురామ్ జాతి రసాయనాలు రెండూ అలర్జీ కారకాలుగా పేరుపడ్డవే. బట్ట మీదే కదా అని సరిపెట్టుకోవచ్చు, అయితే మన ఎండలకు చెమటతో బనియన్ తడిసి ఒంటికి అంటుకున్నప్పుడు ఆ అడ్డు నామమాత్రమే. దీనికి పరిష్కారం మెడికల్ షాపులోనే దొరికింది. నూరు శాతం నూలు క్రేప్ బ్యాండేజీ రబ్బరు లేకుండానే సాగుతుంది. గట్టి మెలి పెట్టిన నూలు దారంతో నేయడమే దానిలోని కిటుకు. వాడగా వాడగా సాగుదల తగ్గితే, ఉతికి ఆరబెడితే చాలావరకు తిరిగి వస్తుంది. రంగు వేయని తెల్ల బ్యాండేజీనే వాడుతున్నాం.

తీగను ఎలా కుట్టాలన్నది మాకు కుట్టుపని చేసి పెడుతున్న అక్క తేల్చింది. మేము గీసి ఇచ్చిన పదునైన మూలల నమూనాను చూసి, "ఇలా ములుకులుగా వేస్తే మలుపు దగ్గరే తెగుద్ది బాబూ, వంకీలు గుండ్రంగా రానియ్యండి" అంది. గుండ్రని వంకీలు వేసి, దారాన్ని బిగించకుండా వదులుగా మూడు వేళ్ళకొక టాకా చొప్పున వేసింది. బెల్టు సాగినప్పుడు తీగ టాకాల కింద జారి సర్దుకుంటుంది. పదునైన మూలలున్న నమూనాలో తీగ నిజంగానే మూలల దగ్గర అలసి తెగింది. గుండ్రని వంకీలది ఇప్పటికీ నిలిచి ఉంది. బెల్టు చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రం చాలా బలహీనమే అయినా, పేస్‌మేకరు ఉన్నవారిని ఈ అధ్యయనంలో చేర్చకూడదని ప్రణాళికలో రాశాం.

సెప్టెంబరు చివర: పెట్టె, బ్యాటరీ, బోర్డు

త్రీడీ ప్రింటరు మీద పి.ఎల్.ఎ. అనే ప్లాస్టిక్ పెట్టె గంటల్లో తయారవుతుంది, అది మొక్కజొన్న నుంచి వచ్చిందనీ మట్టిలో కలుస్తుందనీ చెబుతారు కూడా. అది కుళ్ళాలంటే 58 డిగ్రీలకు అటూ ఇటూ వేడి నిలిచే పారిశ్రామిక కంపోస్టు కేంద్రం కావాలి. పెరటి గోతిలో ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, ఆ తిరుగుడు వేడికే లక్కను కరిగించి పూత పూస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరచుట్టు మూత ఉన్న చిన్న గుండ్రని పెట్టెను అక్కడ చేయించాం. లేత్ తిరుగుతుండగా లక్క కడ్డీని కర్రకు ఆనిస్తే రంగు ఒక పట్టీలా పరుచుకుంటుంది, మొగలి ఆకుతో అదిమితే మెరుగు వస్తుంది. ఎండిన కర్ర గుండా బ్లూటూత్ సంకేతం ఇబ్బంది లేకుండా పోతోంది.

ఈ పెట్టెకు ఉన్న బలహీనత లక్కే. చేతులు తుడుచుకునే శానిటైజరులో ఆల్కహాలు ఉంటుంది, ఆల్కహాలు లక్కను కరిగిస్తుంది. శానిటైజరు తగిలినచోట పూత జిగటగా మారి వేలిముద్ర పడింది. ఇంట్లో ఏ వస్తువునైనా శానిటైజరుతో తుడిచే అలవాటు ఇప్పుడు అందరికీ ఉంది కాబట్టి, తడిపి పిండిన గుడ్డతోనే తుడవాలన్న సూచన పెట్టె మూత లోపలే ఉండాలి. పెట్టెను ఒకరి నుంచి ఇంకొకరికి మార్చే పద్ధతి పెడితే మాత్రం ఇది చాలదు. ఒక్కో మనిషికి ఒక్కో పెట్టె అన్నదే ప్రస్తుత నిర్ణయం.

బ్యాటరీ విషయంలో ఎక్కువ చర్చ అక్కరలేకపోయింది. నాణెం ఆకారపు లిథియం సెల్లు చిన్నగా ఉంటుంది గానీ, చిన్న పిల్లలు మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోపే లోపలి పొరను కాల్చేయగలదు. ఇది ఇళ్ళలో ఉండే వస్తువు. రెండు ట్రిపుల్ ఏ సైజు నికెల్–మెటల్ హైడ్రైడ్ రీఛార్జి సెల్లులను మరతో బిగించే మూత కింద పెట్టాం; అవి దుకాణంలో దొరికే సైజు కాబట్టి బ్యాటరీ పాడైనంత మాత్రాన పరికరాన్ని పారేయనక్కరలేదు.

సర్క్యూట్ బోర్డు మామూలు ఎఫ్ఆర్4, అంటే గాజు నారను ఎపాక్సీ రెసిన్‌తో అతికించిన పలక. ఫ్లాక్స్ నారతో చేసి వేడినీటిలో విడిపోయే బోర్డులను ఇన్‌ఫినియాన్ కంపెనీ 2023లో ప్రయోగాత్మకంగా వాడడం మొదలుపెట్టింది, ఆ దారిని ఆసక్తిగా గమనిస్తున్నాను. అయితే మా పరికరంలో బోర్డు చర్మానికి దూరంగా ఉంటుంది, అది కుళ్ళిపోవాలని కాక ఎక్కువ ఏళ్ళు బతకాలని కోరుకుంటున్నాం. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థం 6.2 కోట్ల టన్నులని, అందులో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు దొరికింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల 2024 నివేదిక చెబుతోంది. ఆ స్థితిలో కుళ్ళిపోయే బోర్డును ఏటా కొత్తగా తయారు చేయడం కంటే ఉన్న బోర్డును ఐదేళ్ళు నడపడం మేలని నా అభిప్రాయం. కుళ్ళవలసినది మాటిమాటికీ పారేసే బిళ్ళ, నిలవవలసినది బోర్డు, ఈ రెండూ ఒకే ముక్కగా అతుక్కుపోకుండా చూడడమే మా డిజైన్‌లో అసలు పని. సీసం లేని సోల్డరు వాడి, బోర్డు మీద ప్రతి భాగం విలువా ముద్రించి, విప్పడానికి మామూలు స్క్రూడ్రైవరు సరిపోయేలా చేశాం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మన ఇ-వేస్ట్ నియమాల పరిధిలో వైద్య పరికరాలు కూడా ఉన్నాయి కాబట్టి, పాత బోర్డులను వెనక్కి తీసుకునే ఏర్పాటు ఎలాగూ చేయవలసిందే.

అక్టోబరు: పరీక్షలకు సిద్ధం

చర్మానికి తగిలే పదార్థాలకు ఐఎస్ఓ 10993 ప్రమాణాల వరుస ఉంది. 2018 నాటి మొదటి భాగం ప్రకారం తగిలే కాలాన్ని మొత్తంగా కూడి చూడాలి. రోజుకు 20 నిమిషాల చొప్పున మూడు నెలలు సాధన చేస్తే 30 గంటలు అవుతుంది; 24 గంటలు దాటింది కాబట్టి ఒక్కసారి తగిలి పోయే వస్తువుల వర్గం మాకు వర్తించదు, పై వర్గంలో నిలబడాలి. చేయించవలసిన పరీక్షలు మూడు: కణాలకు విషమా అన్నది ఐదో భాగం, అలర్జీ పుట్టిస్తుందా అన్నది పదో భాగం, మంట పుట్టిస్తుందా అన్నది 2021లో వచ్చిన 23వ భాగం. ఐదో భాగంలో పదార్థాన్ని నానబెట్టిన ద్రవంలో కణాలను పెంచి, 70 శాతం కంటే తక్కువ బతికితే విషమని లెక్కిస్తారు. మంట పరీక్షను జంతువుల మీద కాక ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మపు పొర మీద చేయడానికి 23వ భాగం వీలు కల్పించింది. మేము ఆ దారినే ఎంచుకున్నాం.

ఇక్కడ చెట్టు జిగురుతో ఉన్న చిక్కు బయటపడుతుంది. ఫ్యాక్టరీ జెల్ ఏ డబ్బా తీసినా ఒకేలా ఉంటుంది. తపసి జిగురు వేసవిలో తీసినది వేరు, వానల తర్వాత తీసినది వేరు. తెల్లగా ఉన్న మొదటి రకం వేరు, బెరడు కలిసిన మూడో రకం వేరు. ఒక్క సంచిలోని జిగురుతో పరీక్ష నెగ్గి, ఇంకో సంచిలోని జిగురుతో బిళ్ళలు చేసి పంపితే ఆ పరీక్షకు అర్థం లేదు. కాబట్టి మేలురకం జిగురును మాత్రమే తీసుకుని, ప్రతి సంచికీ ఉబ్బే గుణం, ఆమ్లత, నలుసుల శాతం, సూక్ష్మజీవుల సంఖ్య కొలిచి, నమోదు చేసిన హద్దులలో ఉంటేనే లోపలికి రానివ్వాలన్న పద్ధతి రాస్తున్నాం. పరీక్షకు పంపే నమూనాలలో కావాలనే హద్దుల అంచున ఉన్న సంచిని కూడా చేర్చాం.

ఆ ఫలితాలు వచ్చి, నైతిక కమిటీ అనుమతి దొరికేవరకు థెరపీ తీసుకుంటున్న ఎవరి చేతికీ ఈ బిళ్ళ తగలదు. కమిటీకి ఇచ్చే అంగీకార పత్రాన్ని మేడమ్, నేను కలిసి తెలుగులో రాస్తున్నాం. బిళ్ళలో ఏమేమి ఉన్నాయో, ఏ చెట్టు నుంచి వచ్చాయో, జంతు సంబంధమైనది ఏముందో అందులో స్పష్టంగా ఉంటుంది. లక్క ఒక పురుగు నుంచి వస్తుందన్న వాక్యాన్ని మేడమ్ పట్టుబట్టి చేర్పించారు. అది సరైన పని. పురుగు నుంచి వచ్చినది వద్దనుకునేవారి కోసం లక్కకు బదులు పిండి జిగురుతో కట్టిన గ్రాఫైటు గుడ్డను కూడా సిద్ధం చేస్తున్నాం. అది తడికి త్వరగా విడిపోతోంది, ఒక్క సెషన్‌ను మాత్రం తట్టుకుంటోంది. ఆ గుడ్డ నమూనాలూ, తపసి జిగురు మూడు సంచుల నమూనాలూ ఈ నెలాఖరుకు పరీక్షాశాలకు వెళతాయి.